బరకం అంచున రాళ్లు

మంగళవారం

పొద్దుటి నుంచి మబ్బు. కాలవగట్టు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మధ్యాహ్నానికే రాశి చేసి టార్పాలిన్ బరకాలు కప్పాం.

సాయంత్రం పంచాయతీ ఆఫీసులో, పోయిన నెల ప్రమాదం ఎలా జరిగిందో తేల్చడానికి వచ్చిన ఇంజనీరమ్మ కంప్యూటర్ తెర మీద మా రోడ్డంతా చూపించింది. ప్రతి ఇల్లూ ఉంది. తెర మీది బండిని నడపడానికి ముందు మోటారు సైకిలు హ్యాండిలు బిగించారు. దాని దగ్గర వీర్రాజు కూర్చున్నాడు. ఆ చీకట్లో బండితో నా ధాన్యం రాశిని గుద్దుకుని చనిపోయింది వాడి తమ్ముడే.

"రాళ్లు ఎక్కడ పెట్టావు బాబాయ్? చూపించు," అన్నాడు.

బరకం ఎగరకుండా పెట్టిన చోట్లన్నీ వేలితో చూపించాను. ఆమె తెర మీద అక్కడే రాళ్లు పెట్టింది. వాడు మూడుసార్లు నడిపాడు. మూడుసార్లూ తెర మీది మనిషి ఎగిరిపడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. మూడోసారి వీర్రాజు లేచి నా మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. ఎవరూ అడ్డు రాలేదు. నేనూ చెయ్యెత్తలేదు.

"రాళ్లు తీసేశానండి. ఇంకొక్కసారి నడపండి," అంది ఆమె.

నడిపాడు. బండి ధాన్యంలో జారి పడింది. మనిషి లేచి కూర్చున్నాడు. వీర్రాజు ఆ తెర వంకే చాలాసేపు చూశాడు.

ఇవాళ కప్పిన బరకాల మీద కూడా రాళ్లే పెట్టాను.

వీర్రాజు ఏడింటికి వెళ్లిపోయాడు, బండి మీద, చీకట్లో, కాలవగట్టు మీదుగానే.