అర్జీదారుని స్వదస్తూరి

పాలకొల్లు,
14-2-2000.

చి.ల.సౌ. సూర్యకళకు,

దైవానుగ్రహం వలన ఇక్కడ నేనూ, అమ్మాయి దుర్గాశ్రీ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నాం, నా కుడి చెయ్యి ఒక్కటి మినహా. దాని సంగతి విడిగా దిగువన విన్నవిస్తాను. కువైట్‌లో నువ్వూ, నీ సంరక్షణలో ఉన్న ముసలమ్మగారూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. అడిగిన ప్రశ్నలకు వరుస తప్పకుండా జవాబిస్తున్నాను. మీ అమ్మగారి మోకాళ్ళకు రోజూ నూనె రాస్తున్నాం. నూనె తగ్గుతోంది, నొప్పి తగ్గలేదు. అమ్మాయి ఇంటర్ పరీక్షలు వచ్చే నెలలో. చదువుతూనే ఉంది. మధ్యమధ్య నాకు అన్నం కలిపిపెడుతుంది, చొక్కా గుండీలు పెడుతుంది, ఇదిగో, నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తోంది.

"చెయ్యి బాగుపడుతోందన్నారు, మరి ఉత్తరాలన్నీ అమ్మాయి దస్తూరిలో ఎందుకొస్తున్నాయండీ?" అన్నది నీ మూడో ప్రశ్న. లారీ బీమా కంపెనీవాళ్ళు ఏం తేల్చారు, అక్కడ ఇంకో రెండేళ్ళకు కాగితం మీద సంతకం పెట్టాలా, ఇంటికి వచ్చెయ్యాలా అన్నది నాలుగోది. రెండింటికీ జవాబు ఒక్కటే. కాస్త పొడుగు.

ఆషాఢంలో నరసాపురం రోడ్డు మీద నేనెక్కిన ఆటోను చేపల లారీ గుద్దడం, నా మణికట్టు విరగడం, భీమవరంలో ఆపరేషన్ కావడం నీకు తెలిసినవే. పరిహారం కోసం ఆ లారీకి బీమా ఇచ్చిన కంపెనీకి అర్జీ పెట్టాలని ప్లీడరు సత్యప్రసాద్ గారు సెలవిచ్చారు.

"టైపు కొట్టించేద్దాం త్రిమూర్తులు గారూ. రెండు పేజీలు. మీరు కింద వేలిముద్ర వేసెయ్యండి, చాలు" అన్నారు.

ఇరవై ఆరేళ్ళుగా రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాస్తున్నవాణ్ణి. వేలిముద్రలు వేయించేవాణ్ణే గాని వేసేవాణ్ణి కాను.

"టైపు కాగితానికి మొహం ఉండదండి" అన్నాను.

"కంపెనీకి మాత్రం ఉందేంటండీ?" అన్నారాయన.

నేనే రాశాను. పదకొండు రోజులు పట్టింది. కలానికి గుడ్డ చుట్టి, వేళ్ళకు కట్టించుకుని, పూటకు మూడు వాక్యాల చొప్పున రాశాను. ఒక్క అక్షరం వంకర పోయినా పేజీ చించి మళ్ళీ మొదలుపెట్టాను. అర్జీ సారాంశం ఏమనగా, అర్జీదారుని కుడి చెయ్యి రాతకు పనికిరాకుండా పోయినది. కాగితం ఎవరు రాశారో కింద వేయకుండా వదలడం మా వృత్తిలో ఆచారం కాదు. అందువల్ల చివర 'దస్తూరి: అర్జీదారుడు స్వయముగా' అని వేసి సంతకం చేశాను.

విచారణకు కాకినాడ నుంచి కంపెనీ తరఫున గణేష్‌బాబు గారు వచ్చారు. మంచి మనిషి. కాఫీ తాగారు, ఆత్రేయపురం పూతరేకులు రెండు తిన్నారు. ఇంటికొచ్చిన అతిథి ముందు అవిటితనం ప్రదర్శించడం మర్యాద కాదని నేను కుడి చేతిని కండువా కింద ఉంచుకుని కూర్చున్నాను. చూపించమని ఆయనా అడగలేదు.

"ముత్యాల కోవలా ఉందండి రాత. మా ఆఫీసులో ఇలా రాసేవాడు ఒక్కడు లేడు. ఇది మీరే రాశారాండి?"

అమ్మాయి వెనకనుంచి నా చొక్కా లాగింది. నేను లెక్కచెయ్యలేదు. నాలుగు నెలల తరవాత ఒక మనిషి నా రాతను మెచ్చుకున్నాడు.

"ఇంకెవరు రాస్తారండి?" అన్నాను.

"పూతరేకులు చాలా బాగున్నాయండి" అంటూ ఏదో రాసుకున్నారు. రాసుకున్నది పూతరేకుల గురించి కాదని తరవాత తెలిసింది.

కంపెనీవారి ఉత్తరం ఇంగ్లీషులో, టైపులో వచ్చింది. సత్యప్రసాద్ గారు చదివి అర్థం చెప్పారు. చెయ్యి పనికిరాదన్న వాదనకు అర్జీయే విరుద్ధ సాక్ష్యమట. మొదటి రెండు రోజులూ పసరు కట్టు కట్టించుకున్నందున, జరిగిన నష్టంలో కొంత పసరు వాటాకు పోతుందట. పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి గనుక, చెయ్యి ఉన్నా నాకు ఇక పెద్దగా పని ఉండబోదట. నా చెయ్యి బాగానే ఉన్నదనీ, ఉన్నా ప్రయోజనం లేదనీ ఒకే కాగితంలో తేల్చారు. అంత గట్టి దస్తావేజు నేను జన్మలో రాయలేదు. మంజూరు చేసింది ఆపరేషన్ ఖర్చులో సగం.

"వాళ్ళకి నా మీద కోపం ఏంటండీ?" అని అడిగాను.

"కోపం దేనికండీ! పదిమందికి లేదంటే ఎనిమిదిమంది అలిసిపోయి ఇచ్చింది పుచ్చుకుంటారు. ఆ ఎనిమిదిమందే వాళ్ళ లాభం. మనం కోర్టుకెళ్దాం. ఏడెనిమిదేళ్ళు పడుతుంది, అంతే."

నేను ఆ ఎనిమిదిమందిలోవాణ్ణి సూర్యకళా. పూర్తి పరిహారము ముట్టినది, ఇకపై ఏ తగాదా లేదు అన్న కాగితం మీద పోయిన నెల ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాను.

ఇంతవరకు చెప్పింది కంపెనీ సంగతి. ఇక నా సంగతి.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు, "ఆరు నెలలు ఆ చేత్తో చెంచా కూడా ఎత్తకండి, చాలావరకు తిరిగొస్తుంది" అన్నారు. అర్జీ రాసింది నాలుగో నెలలో. తొమ్మిదో రోజున చివరి రెండు వేళ్ళూ ముడుచుకున్నాయి. అయినా ఆపలేదు, ఇంకా ఒక పేజీ మిగిలింది. పదకొండో రోజుకు మిగతావీ ముడుచుకున్నాయి. గణేష్‌బాబు గారి ఎదుట కండువా కింద ఉన్నది ఆ చెయ్యే. ఇక తెరుచుకోదని డాక్టరుగారు చెప్పారు. "అంత అవసరంగా ఏం రాశారండీ?" అని అడిగారు. చెయ్యి పోయిందని అందంగా రాయడం వల్ల పోయింది. నీకు మాత్రం బాగుపడుతోందని రాయిస్తూ వచ్చాను.

"నాన్నగారూ, అమ్మకి ఇలా చెప్పేస్తే ఎలాగండి? నేను రాయను" అని అమ్మాయి ఇక్కడ కలం కింద పెట్టేసింది. కాసేపటికి తనే తీసుకుంది.

కనుక నీ నాలుగో ప్రశ్నకు జవాబు: సంతకం పెట్టు. వేసవికల్లా వచ్చేద్దువుగాని అని నేను చెప్పిన మాట రద్దు చేసుకుంటున్నాను. ఆ ఇంట్లో నీకు కూర్చునే తీరిక కూడా లేదని నువ్వు రాయకపోయినా గ్రహించాను. కాని ఈ ఇంటికి ప్రస్తుతం సంపాదించే చేతులు నీవి రెండే.

'ఎవరి బలవంతమూ లేక, నా పూర్తి ఇష్టముతో' అని ఇరవై ఆరేళ్ళుగా ప్రతి దస్తావేజులోనూ రాశాను. ఎదురుగా పొలం అమ్ముకునేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నా రాశాను. నువ్వు సంతకం పెట్టబోయే కాగితంలోనూ అరబ్బీలో ఆ మాట ఉండే ఉంటుంది. అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసే పెట్టమంటున్నాను.

ఇట్లు,
నీ భర్త,
త్రిమూర్తులు