అమీర్ బీకి ఊదిన మందు

నర్సమ్మ జ్యోతిలక్ష్మికి దర్గా పీరాసాబ్ సలాములు.

నాకు చెవుడు, ఫోన్‌లో మాట తెలీదు. అందుకే ఆశా వర్కరు కదిరమ్మ చేత ఈ జాబు పంపుతాండా. మా ఇంటిదాని ఆయాసానికి మీరిచ్చిన గొట్టం పనిచేయలేదు. మీరు చూపించినట్లే చేస్తాండా. బాగా ఊపి, గాలి వదిలి, పెదాలు బిగించి, నొక్కి, నిదానంగా పీల్చి, కాసేపు ఆపి, ఆమె ఎదమీద ఊదుతాండా. ఊళ్ళో జడుసుకున్న బిడ్డలకీ, దిష్టి తగిలి పాలియ్యని ఎనుములకీ దువా చదివి ఊదేది నేనే. ఒక్క ఊదుకే దిగిపోతాది. శెనిక్కాయల మిషన్ దుమ్ముకు చెడిన అమీర్ బీ ఎదకు మాత్రం దిగలేదు. ఇంతకంటే గట్టి గొట్టం పంపండి.

పీరాసాబ్

తా.క. నాకు మాత్రం బలే ఉండాది. గుట్టెక్కినా రొప్పు రాలేదు.

*

పీరాసాబ్ తాతకు నమస్కారాలు.

జాబు చదివి ముందు నవ్వాను, తర్వాత భయమేసింది. జబ్బు అవ్వది, మందు మీరు పీలుస్తున్నారు! మీరు ఊదే గాలిలో అవ్వకు మిగిలేదేమీ లేదు. తప్పు నాదీ ఉంది. అవ్వ దగ్గుతూ బల్ల మీద కూర్చుంటే, మీకు నేర్పితే చాలనుకున్నాను. గొట్టం అవ్వ నోట్లో పెట్టండి. ఆమే పీల్చాలి.

జ్యోతిలక్ష్మి

తా.క. మీ పద్ధతిలో ఒక్క తప్పు లేదు. మా డాక్టరు కూడా అంత బాగా పీల్చలేడు.

*

నర్సమ్మకు సలాములు.

గొట్టం ఆమె నోట్లోనే పెట్టినా. పీల్చవే అంటే ఊదుతాంది. మందంతా నా గడ్డం మీద పడింది. తిట్టినా, బతిమాలినా. "నాకు చేతకాదు, నువ్వే ఊదు" అని ఎదురుగా కూర్చుంటాది. ఊదితే కండ్లు మూసుకుని నగుతాది. ఇంత మొండిదాన్ని యాడా చూడలేదు. ఆయాసం మాత్రం ఎక్కువైతాంది. నాకు భయంగా ఉండాది తల్లీ.

పీరాసాబ్

తా.క. గడ్డం ఆరోగ్యంగా ఉండాది.

*

తాతకు నమస్కారాలు.

చేతకానివాళ్ళకు ఒక ఉపాయం ఉంది. ఖాళీ నీళ్ళ బాటిల్ అడుగున రంధ్రం చేసి, గొట్టం మూతి బిగుతుగా దూర్చి, మందు కొట్టండి. రెండో వైపు నోరు పెట్టి అవ్వ మామూలుగా ఊపిరి తీస్తే చాలు. బుధవారం ఆమెను తీసుకురండి, ఈసారి అవ్వకే నేర్పుతాను. ఈలోపు ఆయాసం ఎక్కువైతే 108కి ఫోన్ చేయించండి, ఆలస్యం చేయకండి.

జ్యోతిలక్ష్మి

తా.క. మీరు పీల్చకండి, ఊదకండి. ఊరికే పక్కన కూర్చోండి.

*

నర్సమ్మకు పీరాసాబ్ రాసేది.

బుధవారం మేం రాలేదు. మంగళవారం అమీర్ బీ పోయింది. 108 వచ్చింది గానీ, వంక నీళ్ళు దాటేలోపలే అయిపోయింది.

ముందురోజు మీరు చెప్పినట్లు బాటిల్ చేసినా. ఆమె దాన్ని పక్కన పెట్టి, గొట్టం తీసుకుని ఊపింది. పెదాలు బిగించి, నిదానంగా పీల్చి, కాసేపు ఊపిరి ఆపింది. అంతా మీరు చూపించినట్లే.

"యాడ నేర్చుకున్నావే?" అంటే, నా చెవి కాడ నోరు పెట్టి చెప్పింది.

"ఆ పొద్దే. నర్సమ్మ నీ చెవిలో అరిచి చెప్తాంటే నాకు వినపడదా?"

"మరి ఇన్నాళ్ళూ చేతకాదంటివే?"

"ఊరందరికీ ఊదినావు. ఎనుములకీ ఊదినావు. నాకెప్పుడన్నా ఊదినావా?"

ఆ పూట కొంచెం నిద్రపోయింది. పిచ్చిది. అడిగుంటే ఊదకపోదునా? మందు తను పీల్చుకుని ఉంటే, ఊదేది నేను ఊదుతా ఉంటి కదా. తలుచుకుంటే కోపమొస్తాంది, ఏడుపొస్తాంది.

మట్టేసి అందరూ పోయినాక, ఖబర్ కాడ కూర్చుని ఒకసారి ఊదినా.

పీరాసాబ్

తా.క. ఇకమీద గొట్టం ఎవరికిచ్చినా, జబ్బు మనిషికే నేర్పండి. పక్కన మొగుడుంటే, ఇంటికి పోయి ఒకసారి ఊదమని చెప్పండి. మందుకు కాదు, ఊరికే.