మా అమ్మ గుండు, తమరి తనిఖీ

అయ్యా, నా భార్య నాగరాణికి కాన్సరు పోయింది. నిన్న పట్నం దవాఖానలో డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, "ఇగ ఏం లేదు పెద్దయ్యా, నిమ్మలంగ ఇంటికి తీస్కపో" అన్నది. ఈ సంతోషం ముందు తమరికి తెలియజేసుకొని ఆ తరువాత ఫిర్యాదులోకి వస్తున్నాను. ఫిర్యాదు తమరి ఆఫీసు మీదనే.

విషయం: మంచం దిగలేని మా తల్లి మైసమ్మ పట్నం తిరుగుతున్నదని రాసి ఆపివేసిన, మంచాన పడ్డవారిని ఇంటికే వచ్చి చూసే తమరి నర్సు బండిని మళ్లీ పంపించుట గురించి.

గరిడేపల్లి మండలంలో గొర్లు కాసి బతికిన, ఏడో తరగతి చదివిన, ఇద్దరు పిల్లల తండ్రినైన లక్ష్మీనర్సయ్య అను నేను రాసుకొనునది ఏమనగా:

1. నాగరాణిని మందు ఎక్కించుటకు పట్నం తీసుకుపోవలసింది నేనే, తొంభై ఏళ్ల మా అమ్మను ఎత్తి పక్క మార్చవలసిందీ నేనే. అమ్మకు నడుము కింద పుండు ఉన్నది. నేను పట్నంలో ఉంటే పక్కింటి రాధమ్మ గంజి తాపేది, తమరి బండిలో సిస్టర్ కరుణ వచ్చి పుండు కడిగి కట్టు కట్టేది. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పని సక్రమంగా చేసినందుకు ఆమెను శిక్షించవద్దని ప్రార్థన.

2. మందుకు నాగరాణి జుట్టంతా ఊడింది. కొంగు కప్పుకొని గడప దాటేది కాదు. అది చూసి మా అమ్మ, కోడలికి నయం కావాలని మట్టపల్లి నర్సింహస్వామికి తలనీలాలు మొక్కింది. నయమయ్యేదాకా ఆగలేదు, ముందే ఇచ్చేసింది. మంగలిని మంచం కాడికే పిలిపించినాము. గుండు తడుముకుంటూ, "ఇద్దరం ఒక్క తీర్గనే ఉన్నం, ఇగ ఎవల్ని సూసి సిగ్గువడతవే" అని కోడలిని నవ్వించింది.

3. అట్టి సమయంలో తమరి సూపర్‌వైజరు క్రాంతి గారు తనిఖీకి వేంచేసినారు. నేనూ నాగరాణీ పట్నంలో ఉంటిమి. ఇంట్లో మంచం మీద గుండుతో మా అమ్మ ఒక్కతే ఉన్నది. సారు లోపలికి రాలేదు, చెప్పులు విప్పవలసి వస్తుందని కాబోలు. ఇంకొకామె ఏదని గడప అవతల నుండే అడిగితే, పట్నం పోయిందని అమ్మ చెప్పింది. అది నిజమే కదా. దానికి సారు రాసినది: "కాన్సరు రోగియైన కోడలు మంచం మీద కలదు. అత్త పట్నం వెళ్లినది, నడవగలదు. నర్సు సేవలు అనవసరం."

అయ్యా, గుండు కనపడింది సరే. ఆ గుండు కింది ముడతలు కనపడలేదా? పళ్లు లేని నోరు కనపడలేదా? మా మందలో ఏది తల్లి గొర్రె, ఏది పిల్ల అని మా కుక్కకు తెలుసు. దాన్ని మేము సూపర్‌వైజరు అని పిలవము.

4. నేను ఆఫీసుకు వచ్చి మొర పెట్టుకుంటే సారు కంప్యూటరులో అమ్మ పాత ఫోటో చూపించినారు. అందులో కొప్పు ఉన్నది.

"ఫోటో మ్యాచ్ అయితలేదు పెద్దమనిషీ. జుట్టు పెరిగినంక కొత్త ఫోటో తీస్కరా" అన్నారు.

"అప్పటిదాంక పుండు ఆగుతదా సారూ?" అన్నాను.

సారు ఫోను చూసుకున్నారు. తొంభై ఏళ్ల నెత్తి మీద కొప్పు మొలిపించే ఎరువు తమరి స్టోరులో ఉన్న యెడల ఒక బస్తా మంజూరు చేయగలరు. మిగిలితే వరికి చల్లుకుంటాము.

5. బండి రాక పుండు పెద్దదై వాసన వేస్తున్నది. కట్టు నేనే కడుతున్నాను. గొర్ల గిట్టలకు మందు పూసిన చేతులు నావి, మెత్తగా తిరగవు. అమ్మ నొప్పికి నా అంగీ పట్టుకుంటది. నిన్న సంతోషం పట్టలేక వీధంతా చక్కెర పంచినాను. లోపలికి వచ్చి కట్టు విప్పినాను. ఇగ దాని గురించి రాయను.

కావున, లోకంలో గుండ్లు ఒకటి కంటే ఎక్కువ ఉండునని తమరి సిబ్బందికి ఒక ఉత్తర్వు జారీ చేసి, సిస్టర్ కరుణను ఈ వారమే పంపగలరు. గడప అవతల నుండి కాక, దగ్గరికి వచ్చి చిత్తగించవలెను.

బండి వచ్చేదాకా తమ విధేయుడు,
లక్ష్మీనర్సయ్య

తా.క.: తమరి బండి మా ఇల్లు తప్ప ఊళ్లన్నీ తిరుగుతది కనుక, దారిలో నాగరాణి సంగతి ఈ కింది వారికి చెప్పించగలరు. ఫోనులో చెప్పబోతే నాకే ఏడుపొచ్చి పెట్టేస్తున్నాను.

మిర్యాలగూడ రైసు మిల్లు వెనుక మా బిడ్డ జమున. కూర్చోబెట్టి చెప్పాలి.

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ కాడ మా కొడుకు శివకుమార్. లారీ ఆపినాకనే చెప్పాలి.

కోదాడలో నాగరాణి తమ్ముడు ఫకీరా. అక్క బతకదని నలుగురికీ చెప్పుకొచ్చిన మనిషి, ఆ నలుగురి ముందరే చెప్పాలి.

మా ఇంట్లో మంచం మీద మా అమ్మ మైసమ్మ. నేను చెప్పినాను, నాగరాణీ చెప్పింది. "నా పాణం నిమ్మలపడాలని చెప్తున్నరు బిడ్డా" అన్నది. సిస్టర్ కరుణ వచ్చి చెప్తేనే నమ్ముతదట.