పిల్లల రూములో జాగా

నవంబర్ 3, సోమవారం

కెంపమ్మ ఇంక పనికి రాదంట. పోయిన వారం వాళ్ళింటి మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరిగింది. నిన్న ఆపరేషన్ అయ్యింది. ఈ వయసులో మళ్ళీ పిల్లల్ని ఎత్తే పని వద్దని కొడుకు చెప్పేసినాడంట.

మా గార్మెంట్ ఫ్యాక్టరీలో పిల్లల రూముకు ఉండేదే ఇద్దరం. నేను టీచర్, ఆమె ఆయా. టైలర్ల పిల్లలు పద్నాలుగు మంది, అందులో నా స్పందన ఒకతి. ఈ రోజు అందర్నీ ఒక్కదాన్నే చూసుకున్నాను. ఒకరికి బట్టలు మార్చేలోపల ఇంకొకరి ఏడుపు. మధ్యాహ్నం తినలేదు. బాత్రూముకు కూడా పోలేదు.

నవంబర్ 4

హెచ్.ఆర్. మేఘన మేడం పిలిచింది. ఆర్డర్లు తగ్గినాయి, కొత్త ఆయాను ఇప్పుడు తీసుకోరంట. ఒక్కరే చూసుకుంటే పది మంది పిల్లలకు మించకూడదని కంపెనీ రూల్. ఆడిట్ వస్తా ఉండాది. నలుగుర్ని తీసెయ్యాల. ఎవర్నో నేను గురువారంలోపల చెప్పాల.

మీరే చెప్పండి మేడం అన్నాను. తల్లుల సంగతి నీకే బాగా తెలుసు గదా శశికళా అనింది. నాకంటే చిన్నది ఆ పిల్ల. మాట్లాడినంతసేపూ పెన్ను మూత తీస్తా పెడతా ఉండింది. ఆమె చేతుల్లోనూ ఏమీ లేదు.

నవంబర్ 5

విషయం కుట్టు మిషన్ల లైన్లలోకి పోయింది. పొద్దున జయమ్మ మల్లెపూలు తెచ్చిచ్చింది. ఇంకొకామె డబ్బాలో చిత్రాన్నం. ఎప్పుడూ పలకరించని ఒకామె నా చీర బాగుందనింది. వద్దంటే బేజారు చేసుకుంటారు. తీసుకుంటే ఏమనుకుంటారో. చిత్రాన్నం తిన్నాను. ఆకలి.

అంబిక ఏమీ తేలేదు. కొడుకు భరత్‌ను దించి, ముక్కు తుడిచి, లైనుకు పరిగెత్తింది. ఆమె కాలర్లు కుట్టేది. ఆలస్యమైతే లైనంతా ఆగిపోతాది.

నవంబర్ 6, మధ్యాహ్నం

సగం మంది మూడు రోజులు, మిగతా సగం మూడు రోజులు వస్తే ఎట్లుంటాదని మేడంను అడిగినాను. తల్లులు రాని రోజుల్లో మిషన్ మీద ఎవరు కూర్చుంటారనింది. పోనీ పద్నాలుగు మందినీ నేనే చూసుకుంటానన్నాను. మొన్న నేను పాలు కలిపేలోపల ఒక పాప రూపాయి కాసు నోట్లో వేసుకుంది గదా అని గుర్తు చేసింది. ఆ సంగతి చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సింది.

సాయంత్రం

ఇద్దరికి మూడేండ్లు నిండినాయి, అంగన్‌వాడీకి పోతారు. ఇంకొక పాపకు ఇంట్లో అవ్వ ఉండాది. ముగ్గురయినారు. నాలుగో పేరు కాడ ఆగిపోయినాను.

ఊరికి ఆ చివర యలహంకలో మా అమ్మ పార్వతమ్మ ఉండాది. స్పందనను పంపించమని ఎప్పుడూ అడుగుతానే ఉంటాది. కానీ మేముండే బొమ్మనహళ్ళి నుంచి ఆడికి రోజూ పోయి వచ్చేది అయ్యే పని కాదు. పంపిస్తే ఆదివారమే చూసుకోవాల. ఏడాదిన్నర బిడ్డ, ఇంకా నా పాలు విడవలేదు. నిన్న రాత్రి మా ఆయన దేవరాజ్‌ను అడిగినాను. ఆయన పీణ్యలో లేత్ పనికి చీకటితో పోయి చీకటి పడినాక వస్తాడు. మన బిడ్డకు జాగా ఉంటే మనమే ఎందుకు పంపించుకోవాల అన్నాడు. నిజమే గదా.

అంబికకు ఈ ఊర్లో ఎవరూ లేరు. మొగుడు పోయి ఏడాది అయ్యింది. భరత్ అందరికంటే చివర్లో చేరినాడు. మేడంకు అదే కారణం చెప్పినాను. కారణం అది కాదు.

నవంబర్ 7

అంబికకు నేనే చెప్పినాను. కోప్పడలేదు. భరత్ బట్టలు ఈ రోజే తీసుకుపోవాల్నా, రేపు తీసుకున్నా పర్వాలేదా అని అడిగింది.

నవంబర్ 10, సోమవారం

నిన్న అంబిక భరత్‌ను బాగేపల్లి దగ్గర వాళ్ళ ఊర్లో వదిలేసి వచ్చింది. ఆడ వాళ్ళ నాయన వెంకటేశప్ప ఒక్కడే. గొర్లు మేపేదానికి పోతా వాణ్ని భుజాన ఎక్కించుకుని పోతాడంట. చెప్పేటప్పుడు నవ్వింది.

ఈ రోజు పది మందే. వేళకు తిన్నాను. స్పందన రోజంతా భరత్ చాప మీదనే కూర్చునింది.

నవంబర్ 13

భరత్‌కు జ్వరం. అన్నం ముట్టడం లేదంట. లైనులో ఫోన్ పెట్టుకోనియ్యరు. అన్నాలకు వదిలే ఊటా టైములో అంబిక వాళ్ళ నాయనకు ఫోన్ చేసింది. పిల్లోడు మాట్లాడలేదంట, ఊపిరి మాత్రం వినిపించిందంట. మధ్యాహ్నం ఆమె కుట్టిన కాలర్లన్నీ సూపర్‌వైజర్ తిప్పి పంపించినాడు.

నవంబర్ 14

చిల్డ్రన్స్ డే. కంపెనీ తరఫున బెలూన్లు, కేకు. ఫోటో తీసినారు. పిల్లల్ని కొంచెం ఎడంగా కూర్చోబెట్టమన్నారు, ఫోటో నిండుగా కనిపించాలని.

అందరూ పోయినాక మేడం దగ్గరికి పోయినాను. స్పందనను మా అమ్మ దగ్గరికి పంపిస్తాను, ఆ జాగా భరత్‌కు ఇవ్వండన్నాను. సరే అట్లే చేద్దామనింది. గేటు కాడ అంబికను పట్టుకుని చెప్పినాను. జ్వరం తగ్గింటే రేపు సాయంత్రమే ఊరికి పోయి పిల్లోణ్ని తెచ్చుకోమన్నాను. నా చెయ్యి పట్టుకునింది, వదల్లేదు.

ఇంట్లో దేవరాజ్‌కు చెప్పినాను. అన్నం సగంలో లేచినాడు.

నవంబర్ 16, ఆదివారం

యలహంకలో వదిలేసి వచ్చినాను. మా అమ్మ ఎత్తుకుని వాకిట్లో నిలబడుకునింది. విమానం పోతా ఉంటే పాప పైకి చూసింది. అప్పుడు వచ్చేసినాను.

నవంబర్ 17, సోమవారం

పొద్దున పోయేసరికి రూములో కొత్త బిడ్డ. పేరు ప్రవీణ్. కంపెనీ మూసేసిన ఇంకో యూనిట్ నుంచి ఒక సూపర్‌వైజరమ్మను ఇక్కడికి మార్చినారు. బిడ్డకు జాగా ఇస్తేనే వస్తాననిందంట. స్పందన జాగా ఖాళీ అవుతాదని శనివారం మేడం కంప్యూటర్లో ఎక్కించింది, భరత్ పేరు ఇంకా ఎక్కించలేదు. మేడం ఇంటికి పోయినాక మేనేజర్ అది చూసి ప్రవీణ్‌కు ఇచ్చేసినాడు. ఆమెకూ ఈ రోజే తెలిసింది. మేనేజర్ రూములోకి పోయి వచ్చి, సారీ అనింది. ఆమె కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కండ్లతో నేనేం చేసేది?

అంబిక బస్సు దిగి నేరుగా వచ్చేసింది. భుజాన బ్యాగు, చంకలో భరత్. కార్డు లేని బిడ్డను లోపలికి వదిలేది లేదని సెక్యూరిటీవాళ్ళు గేటు కాడ ఆపేసినారు. నేను పోయి చెప్పినాను. ఎట్లా చెప్పినానో గుర్తు లేదు.

"అక్కా, నువ్వు తెమ్మంటేనే తెచ్చినా గదా," అనింది.

భరత్ చిక్కిపోయినాడు. నన్ను గుర్తు పట్టి రెండు చేతులూ చాచినాడు. ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే మళ్ళీ దించాల. లోపల పది మంది పిల్లల్ని వదిలేసి వచ్చింటిని. సైరన్ మోగింది. వెనక్కి వచ్చేసినాను.

నవంబర్ 18

అంబిక రాలేదు. ఫోన్ స్విచాఫ్.

నవంబర్ 20

అంబిక రూము ఖాళీ చేసి ఊరికి పోయిందని జయమ్మ చెప్పింది. ఆమె మిషన్ మీద కొత్తామెను కూర్చోబెట్టినారు. ఊటా టైములో ఆమె నన్ను వెతుక్కుంటా వచ్చింది. చిన్న బిడ్డ ఉండాది, మీ రూములో జాగా దొరుకుతాదా అక్కా అని అడిగింది.

నవంబర్ 22, శనివారం

ప్రవీణ్ వచ్చినప్పట్నుంచి ఏడుపే. ఈ రోజు మధ్యాహ్నం నా ఒళ్ళో పడుకుని రవిక తడుముకున్నాడు. పాలు కారిపోయినాయి. తలుపు దగ్గరికేసి ఇచ్చినాను. తాగి నిద్రపోయినాడు.

రేపు ఆదివారం, యలహంకకు పోవాల.