నీ నీళ్ల వంతు

అన్నా,

గీ ఉత్తరం ఏడికి పంపాల్నో తెల్వది. అరవైతొమ్మిదిల తెలంగాణ కావాలని దిల్‌సుఖ్‌నగర్ దిక్కు జులూస్‌ల పోయినోనివి, మళ్ల మన ఊరు నాదర్‌గుల్‌కు రాలే. ఏ దవాఖానల లేవు, ఏ జైల్ల లేవు.

నిన్న పెద్దమనుషులు మన పొలం పంచనీకి కూసున్నరు. "పెద్దోడు ఉన్నడనుకోవాల్నా, లేడనుకోవాల్నా?" అనడిగిండ్రు. అమ్మ గోడ దిక్కు తిరిగింది. నాయిన గట్టిగనే అన్నడు: "లేడు. అంతా చిన్నోనికే రాయుండ్రి."

నువ్వు పోయినప్పటిసంది నీ మడి బీడే. పొద్దుగాల దున్నుదామని నాగలి తీస్కపోతే, అండ్ల నీళ్లు నిలిచి ఉన్నయ్. నీళ్లకు కొట్లాడుకుంటున్నమని నాయిన మనిద్దరికీ వంతులు పెట్టిండు గదా, ఇయ్యాల నీ వంతు. మంచుల బాయికాడ మనిషి కానస్తలేడు, మోట గిలక మాత్రం కిర్రుమంటున్నది. నువ్వే అనుకున్న. ఉరికిన.

నాయిన మోట కొడుతున్నడు.

"బీడుకు నీళ్లెందుకు నాయినా?" అన్న.

నా దిక్కు చూడకుంటనే అన్నడు: "ఇయ్యాల వాని వంతురా. ఎండవెడితే వచ్చి కొట్లాడుతడు."

నాగలి మళ్ల ఇంటికే తెచ్చిన, అన్నా.