గోడ మీద మా అత్తగారు

మాస్టారికి నమస్కారం.

మా కాలనీ ఆడవాళ్ళకి ఓపిగ్గా ఫొటోలు తీయడం నేర్పారు. ఆ కృతజ్ఞత ఉంది. అయినా ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పడం లేదు.

మన క్లాసు ఫొటోల ప్రదర్శనకు మా అత్తగారి ఫొటోలు రెండు ఇచ్చాను. ఒకదానికోసం ఆవిడ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్ళసెట్టు పెట్టుకుని కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. రెండోది ఫోకస్ చూసుకుంటూ నేను పొరపాటున నొక్కింది. అందులో జుట్టు రేగిపోయి, బోసినోరు తెరుచుకుని బట్టలు పిండుతున్నారు. మీరు దాన్నే చూసి, "ఇందులో నిజం ఉందమ్మా" అన్నారు. పళ్ళసెట్టు పెట్టుకున్న మనిషి అబద్ధమా, మాస్టారూ? ఆ రోజు అడగలేకపోయాను.

ఈ ఉదయం ఆవిడ ఇరుగుపొరుగువాళ్ళను వెంటేసుకుని హాలుకి వచ్చారు. ఆ రెండోదే గోడకి నిలువెత్తున ఉంది. కింద "శ్రమ" అని రాశారు. చూసినవాళ్ళంతా "అయ్యో పాపం" అంటున్నారు. పక్కింటామె గుర్తుపట్టి నోరు నొక్కుకుంది. అత్తగారు చాలాసేపు చూసి, "ఎవరే ఆవిడ?" అన్నారు.

"తెలీదత్తయ్యా" అన్నాను.

"మరి నాదేదే?"

"రేపు పెడతారట."

గుర్తుపట్టలేదో, పట్టనట్టు ఉండిపోయారో నాకు తెలియదు. రేపు మళ్ళీ వస్తానంటున్నారు. ఈలోగా దాన్ని దించి మొదటిది పెట్టండి. ఏ మూలనైనా సరే. ఈసారి ఆవిడ ఎవరినీ రమ్మని పిలవలేదు.

ఇక క్లాసుకి రాని,
మీ శిష్యురాలు