గుండె బొమ్మ ఉన్న డబ్బా

ఏమండీ, నమస్కారాలు.

ఎదురుగా మాట్లాడటానికే బిడియపడే మనిషికి ఉత్తరాలేమిటని నవ్వుకోకండి. ఫోను చేస్తే మీ అక్కయ్య స్పీకరు పెడతారు. మీరొక మాట మెల్లగా అనగానే వెనక నుంచి ఆవిడ, "గట్టిగా అనరా, మాకూ వినపడొద్దూ!" అంటారు. అందుకే కలం పట్టాను.

గుండె నీరసించింది, పెద్దాసుపత్రికి దగ్గరగా ఉంటే మంచిదని మిమ్మల్ని మీ అక్కయ్య ఇంట్లో దింపి వచ్చాను. ఇప్పుడేమో రక్తంలో పొటాషియం కాస్త పెరిగింది, అది తగ్గేదాకా ఇంటికి పంపేది లేదన్నారట. ఈ పొటాషియం ఎవరో గానీ నాకు సవతిలా తయారైంది. దేవుడి ముందు దీపం పెట్టి దాన్ని తిట్టుకుంటాను. దేవుడి ముందు తిట్టానే అని వెంటనే లెంపలేసుకుంటాను.

అరటిపళ్ళు మానమన్నారుగా, మానేయండి. ఉప్పు లేక నోరు చచ్చిపోయిందన్నారు. మందుల షాపులో సోడియం తక్కువ ఉప్పని ఒకటి దొరికింది. డబ్బా మీద గుండె బొమ్మ కూడా ఉంది. పంపుతున్నాను.

దారి చూస్తూ,
మీ ఇంటావిడ

తా.క.: మీ చొక్కా గుండీ ఊడిందట. అక్కడ ఎవరిచేతా కుట్టించుకోకండి.

*

మా దర్జీ దొరసానికి,

డబ్బా అందింది. అక్కయ్య వంటకి రుచంటూ వచ్చింది. జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. కానీ పరీక్ష చేస్తే పొటాషియం ఇంకా పెరిగింది! "దొంగతనంగా అరటిపండు తిన్నావు, ఒప్పుకోరా!" అంటూ అక్కయ్య నా దిండు కింద వెతికింది. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా కోపం వచ్చింది. ఇక బంగాళాదుంప, టమాటా కూడా బందు. నేను బత్తాయి వైపు చూస్తే చాలు, బావ దగ్గుతున్నాడు.

ఇట్లు,
పథ్యం ఖైదీ

తా.క.: టమాటా లేని కూర నోట పెట్టలేక నీ ఉప్పు రెండింతలు వేశాను. ఆ బొమ్మ చూస్తూ తింటే నువ్వు వడ్డించినట్టుంటుంది.

*

ఏమండీ, నమస్కారాలు.

కొలతలివ్వడానికి వచ్చిన నర్సమ్మని అడిగాను. బంగాళాదుంపల చెక్కు తీసి, ముక్కలు కోసి, బోలెడు నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత పోతుందట. డాక్టరు గారు ఒప్పుకుంటేనే అలా చేయమని అక్కయ్యకి చెప్పండి.

ఇక్కడ పని బాగానే ఉంది. నేనే బాగా లేను. నిన్న ఒకావిడ గౌనుకి మగవాళ్ళ కాలరు కుట్టేశాను. చూస్తే అది మీ మెడ కొలత. ఆవిడ అద్దంలో చూసుకుని, "ఎవరిని తలుచుకుంటూ కుట్టావమ్మా?" అంది. తలెత్తలేకపోయాను.

ఎప్పుడొస్తారు?

మీ ఇంటావిడ

తా.క.: నీళ్ళు పారబోసిన దుంప చప్పగా ఉంటుంది కదా. ఇంకో రెండు డబ్బాలు పంపుతున్నాను. మొహమాటపడకుండా వేసుకోండి.

*

దొరసానీ,

ముందే చెబుతున్నాను, ఇప్పుడు బాగానే ఉన్నాను. కంగారుపడకు.

పొటాషియం మరీ పైకి పోయింది. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అక్కయ్య ఒకటే ఏడుపు. "వీడికి గాలి తప్ప ఏమీ పెట్టలేదండీ! మా ఇంటి గాలిలో గానీ ఉందా?" అంటుంది. డాక్టరు గారు నా ఛాతీ మీద గొట్టం పెట్టి, "గుండె కాక ఇంకేదో గలగలలాడుతోందే! జేబులో ఏమిటది?" అన్నారు. డబ్బా తీసిచ్చాను. వెనక్కి తిప్పి చదివారు. అందులో సోడియం తగ్గించి ఆ చోట వేసింది పొటాషియమేనట! "అరటితోటంతా జేబులో పెట్టుకుని పళ్ళు మానేశానంటారేమిటండీ!" అన్నారు.

డబ్బాలు తీసేసుకుని మందులిచ్చారు. పొటాషియం దిగింది. ఇక ఇంటికెళ్ళొచ్చన్నారు.

కానీ నేను ఇప్పట్లో రాను. ఇక్కడే అలవాటైపోయింది.

ఇట్లు,
మీ ఆయన

తా.క.: అలవాటని రాసింది అబద్ధం. మన గది మేడ మీద కదా. నాలుగు మెట్లెక్కితే ఆగిపోతున్నాను. కింద నీ కుట్టు కొట్లో ఆడవాళ్ళందరూ చూస్తుండగా మెట్టుమెట్టుకీ కూర్చుంటూ పైకి రావాలంటే సిగ్గుగా ఉంది.

*

ఏమండీ,

నా చేత్తో నేనే పంపాను కదా అని దేవుడి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత మీ తా.క. చదివి లేచాను.

మనుషుల్ని పిలిచి మిషను, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం మేడ మీదికి చేర్చాను. మన మంచం కిందికి దిగింది. వీధి గుమ్మం దాటితే మంచమే, మీకు ఒక్క మెట్టు కూడా లేదు. కొలతలివ్వాలంటే ఇక వాళ్ళే ఎక్కాలి. ఒకావిడ సగంలో ఆగి, "మీ ఆయన గుండె కోసం మా మోకాళ్ళు అరగదీస్తావా?" అంది. "అరగనివ్వండక్కా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని నేనే బిత్తరపోయాను.

పైన మిషను తొక్కితే చప్పుడు మంచం దాకా వస్తుంది. నేను ఇంట్లోనే ఉన్నానని మీకు తెలుస్తూ ఉంటుంది.

ఏం తినాలో, ఏం తినకూడదో డాక్టరు గారినే అడిగి బయల్దేరండి. నా సొంత వైద్యం ఇక కట్టిపెట్టాను. చప్పగా ఉంటే చప్పగానే తిందాం, ఇద్దరమూ.

మీ ఇంటావిడ

తా.క.: మీరు వెళ్ళినప్పటి నుంచి నేను మంచం మీద మీ వైపే పడుకుంటున్నాను. ఈ కాగితాలు దాచుకోండి. ఎవరికీ చూపించకండి. వచ్చాక నాకు కూడా చూపించకండి, సిగ్గుతో చచ్చిపోతాను.